పార్క్ హోమ్‌కు చలి కింద నుంచి ఎక్కుతుంది: ఒక చలికాలపు ప్రాజెక్టు డైరీ

ఇంగ్లండ్‌లో పార్క్ హోమ్ చూడటానికి ఒంటి అంతస్తు పెంకుటిల్లులా ఉంటుంది. చట్టం లెక్కలో మాత్రం అది కారవానే, అంటే ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగల ఇల్లే. ఇనప ఛాసీ మీద కర్ర చట్రం కట్టి, రెండు సగాలుగా లారీల మీద తెచ్చి, కాంక్రీటు పలక మీద స్టాండ్లు పెట్టి కలుపుతారు. పునాది ఉండదు. ఇంటి చెక్క గచ్చుకీ ఆ కాంక్రీటు పలకకీ మధ్య రెండడుగుల ఖాళీ, దాని చుట్టూ ఇటుకతో కట్టిన స్కర్టు, అందులో గాలి జాలీలు. మంచినీటి పైపు, డ్రైను పైపులు, కొన్ని ఇళ్లలో గ్యాసు పైపు కూడా ఆ ఖాళీలోంచే పోతాయి. గోడలకీ కిటికీలకీ ఎంత ఖర్చు పెట్టినా ఈ ఖాళీని పట్టించుకోకపోతే జనవరిలో ఏదో ఒక ఉదయం కుళాయి తిప్పితే చుక్క రాదు.

లింకన్‌షైర్‌లో 22 ఇళ్లున్న ఒక పార్కులో సెప్టెంబరు నుంచి జనవరి దాకా జరిగిన పని ఇది. ముందు 9వ నంబరు ఇంట్లో చేసి, కుదిరిన పద్ధతిని మిగతా ఇళ్లకు పెట్టాం. ఆ ఇల్లు 1990ల నాటిది, 36 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. పార్క్ హోమ్‌ల తయారీకి ఇక్కడ బీఎస్ 3632 అనే ప్రమాణం ఉంది. 2005, 2015 సవరణల తర్వాత కట్టిన వాటిలో గచ్చు కింద ఇన్సులేషన్ బాగానే ఉంటుంది. అంతకు ముందువాటితోనే తిప్పలు.

సెప్టెంబరు 6. కిందికి దిగి చూడటం

స్కర్టు తలుపు తీసి, ప్లైవుడ్ ముక్క మీద పడుకుని, తలకు లైటు కట్టుకుని లోపలికి పోవాలి. బయట ఒక మనిషి తప్పకుండా ఉండాలి. లోపల మనిషి ఉండగా ఏ స్టాండునూ కదపకూడదు, జాకీ ఎత్తకూడదు.

కనబడినవి ఇవి. గచ్చు కింద ఇన్సులేషన్‌గా వేసిన గాజు ఉన్నిని పట్టి ఉంచిన నైలాను వల నాలుగు చోట్ల తెగింది, ఉన్ని పొత్తికడుపులా కిందికి వేలాడుతోంది. ఉన్ని ఉంది కదా అని ఊరుకోవడానికి లేదు. గచ్చు చెక్కకూ ఉన్నికీ మధ్య రెండంగుళాల సందు ఏర్పడితే చల్లగాలి ఆ సందులోంచే తిరుగుతుంది, కింద ఎంత మందం ఉన్ని ఉన్నా ప్రయోజనం సున్నా. నీళ్ల పైపుకు 9 మి.మీ. బూడిద రంగు ఫోమ్ తొడుగు ఉంది గానీ మోచేతుల (పైపు మలుపు తిరిగే ఎల్బోల) దగ్గర, టీ ఆకారపు జాయింట్ల దగ్గర పైపు బోడిగా ఉంది. స్నానాల గది కింద ఛాసీ మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. 12 జాలీలలో 5 ఆకులతో, సాలెగూళ్లతో మూసుకుపోయాయి.

జాలీల లెక్క ఇలా వేశాం. కర్ర గచ్చు కింది ఖాళీకి, బయటి గోడ ఒక్కో మీటరుకు 1,500 చదరపు మి.మీ. గాలిదారి ఉండాలని ఇక్కడి భవన నిబంధనల లెక్క. ఈ ఇంటి చుట్టుకొలత సుమారు 34 మీటర్లు కాబట్టి 51,000 చ.మి.మీ. కావాలి. 225×75 మి.మీ. ప్లాస్టిక్ జాలీ ఒక్కొక్కటి 6,000 ఇస్తుందనుకుంటే 12 జాలీలకు 72,000. ఐదు మూసుకుపోయాక మిగిలింది 42,000. అంటే ఇల్లు అప్పటికే ఊపిరాడక ఉంది.

గ్యాసు వల్ల కూడా ఈ జాలీలు కావాలి. ఇక్కడ సిలిండర్లలో వచ్చే ప్రొపేన్ గాలికంటే బరువు. ఎక్కడైనా లీకైతే పైకి పోదు, నేలబారుగా పారి ఈ ఖాళీలోనే పేరుకుంటుంది. జాలీ మూస్తే ఆ గ్యాసుకు బయటికి దారి ఉండదు.

సెప్టెంబరు 7. మట్టం

ఇల్లు ఏటవాలుగా ఉంటే చలికి ఏం సంబంధం అని అడిగినవాళ్లున్నారు. ఒక మూల 10 మి.మీ. దిగితే తలుపు చట్రం మెలిపడి సందు వస్తుంది, అది ఒకటి. అసలు నష్టం డ్రైను పైపుకు: వాలు పోయి నీళ్లు అందులో నిలుస్తాయి. నిలిచిన నీళ్లే గడ్డకడతాయి.

లేజరు లెవెల్ ఆ ఛాసీ దూలాల మధ్య అడుగడుగునా అడ్డుపడింది. మన మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చాక పని సులువైంది. 10 మీటర్ల పారదర్శక గొట్టం, అందులో బుడగ లేకుండా నీళ్లు, ఒక కొస ఒక స్టాండు దగ్గర, రెండో కొస మరో స్టాండు దగ్గర. వంటగది మూలలో 12 మి.మీ. తేడా తేలింది. స్టాండు కింద పెట్టిన కర్ర ముక్క కుళ్లి నలిగిపోయింది. కర్ర తీసి ఉక్కు పలక పెట్టించాం. స్టాండ్లు సర్దే పని పార్క్ హోమ్‌లు నిలబెట్టే అనుభవం ఉన్నవాళ్లే చెయ్యాలి, ఇందులో సొంత ప్రయోగం వద్దు.

కాంక్రీటు పలకే పగిలినా, కుంగినా బాగు చెయ్యాల్సింది పార్కు యజమాని. 1983 మొబైల్ హోమ్స్ చట్టం ప్రకారం పలక మరమ్మతుతో పాటు, యజమాని సరఫరా చేసే నీళ్లు, కరెంటు, గ్యాసు, మురుగు లైన్ల బాగోగులు కూడా ఆయనవే. ఇల్లు, దాని కింది పైపుల తొడుగులు మనవి. ఎక్కడ ఎవరి బాధ్యత మొదలవుతుందో సెప్టెంబరులోనే ఉత్తరం రాసి తేల్చుకోండి. పైపు పగిలిన రాత్రి ఆ వాదన మొదలుపెడితే తెల్లారిపోతుంది.

సెప్టెంబరు 20, 21. నీళ్ల పైపు

ఇక్కడ మంచినీటి పైపును కనీసం 750 మి.మీ. లోతున పాతుతారు. అంత లోతున మట్టి గడ్డకట్టదు. ప్రమాదం ఎక్కువగా ఆ నీలం రంగు 25 మి.మీ. పైపు నేలలోంచి పైకి లేచి గచ్చులో దూరేదాకా ఉన్న మీటరు, రెండు మీటర్ల ముక్కలోనే.

మన ఊళ్లలో పైపులు గోడ మీద, డాబా మీద ఎండకు కాగుతూ ఉంటాయి. పైపుకు తొడుగు అనే ఆలోచనే మనకు కొత్త. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి: తొడుగు వేడి పుట్టించదు, చల్లబడటాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. పగలంతా నీళ్లు పారుతుంటాయి కాబట్టి పైపుకు ఏమీ కాదు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరుదాకా కదలకుండా నిలిచిన నీళ్లకే ముప్పు. మంచుగా మారేటప్పుడు నీళ్లు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పైపు పగిలేది అప్పుడే, అది తెలిసేది మాత్రం మంచు కరిగాక. ‘బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్’ అని పేరుపడ్డ 2018 చలిగాలుల తర్వాత మార్చి మొదట్లో ఎండ కాయగానే దేశమంతా పైపులు కారడానికి కారణం ఇదే.

చేసిన పని: పాత 9 మి.మీ. ఫోమ్ మొత్తం తీసేసి 25 మి.మీ. మందం నైట్రైల్ రబ్బరు తొడుగు వేశాం, ఈ ఇంటికి 14 మీటర్లు పట్టింది. నిలువు చీలికను టేపుతో కాక దాని జిగురుతోనే అతికించాం. చలికి టేపు ఊడుతుంది, జిగురు పట్టు వదలదు. మోచేతుల దగ్గర తొడుగును 45 డిగ్రీల కోణంలో కోసి రెండు ముక్కలు కలిపాం. కేబుల్ టై బిగించేటప్పుడు రబ్బరు నొక్కుకుపోకూడదు. నొక్కుకున్నచోట మందం పోయి, పైపుకు అదే మొదటి బలహీనత అవుతుంది.

పైపు నేలలోంచి లేచేచోట 110 మి.మీ. గొట్టం నోరు తెరుచుకుని ఉంది. చల్లగాలి బరువుగా ఉంటుంది కదా, తిన్నగా ఆ నోట్లోకి దిగి 750 మి.మీ. లోతు పెట్టిన ఫలితాన్ని పోగొడుతుంది. రాతి ఉన్నిని ప్లాస్టిక్ సంచిలో కట్టి బిరడాలా దిగేశాం. ఫోమ్ స్ప్రే కొట్టలేదు, రేపు పైపు మార్చాలంటే తీయడానికి వీలుండాలి.

నేలలోంచి లేచే ఆ ముక్కకు ట్రేస్ హీటింగ్ తీగ, అంటే పైపును వెచ్చగా ఉంచే కరెంటు తీగ కూడా వేశాం. మీటరుకు 10 వాట్ల సెల్ఫ్ రెగ్యులేటింగ్ (చలిని బట్టి వేడిని తానే సర్దుకునే) రకం, మొత్తం 3 మీటర్లు. నీలం ప్లాస్టిక్ పైపు వేడిని సరిగా పంచదు కనుక ముందు పైపు చుట్టూ అల్యూమినియం టేపు, దాని మీద తీగను తిన్నగా, దానిమీద మళ్లీ టేపు, ఆపైన రబ్బరు తొడుగు. థర్మోస్టాట్ 5 డిగ్రీల దగ్గర ఆన్ అవుతుంది, దాని సెన్సారు తీగను తాకకుండా పైపుకు రెండో వైపున కట్టాలి. తీగ వేడినే పైపు వేడి అనుకుంటే వెంటనే ఆఫ్ అయిపోతుంది. 30 వాట్లు రాత్రి 12 గంటలు నడిస్తే యూనిట్లో మూడో వంతు. యూనిట్ 27 పెన్సులనుకుంటే రాత్రికి పది పెన్సులు. కనెక్షన్ 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) వెనకాలే ఉండాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌ది.

అక్టోబరు 4, 5. గచ్చు కింద

పాత ఉన్ని తీసి 50 మి.మీ. పీఐఆర్ (గట్టి ఇన్సులేషన్ ఫోమ్) పలకలు కోసి, గచ్చును మోసే కర్ర దూలాలైన జాయిస్టుల మధ్య గచ్చు చెక్కకు ఆనించి బిగించాం. 2 మి.మీ. ఎక్కువ కోస్తే దానంతటదే పట్టుకుంటుంది. సందుల్లో తక్కువ ఉబ్బే ఫోమ్, కింద గాలి ఆడే మెంబ్రేన్ పొర, దాన్ని పట్టడానికి బ్యాటెన్లు (సన్న కర్ర బద్దలు). ప్లాస్టిక్ షీటు కొట్టకూడదు, ఇంట్లోంచి దిగే ఆవిరి చెక్కకూ షీటుకూ మధ్య చిక్కుకుంటుంది.

స్ప్రే ఫోమ్‌తో ఒక్క పూటలో పూర్తి చేస్తామని ఇంటింటికీ తిరిగేవాళ్లున్నారు. మా అభిప్రాయం: వద్దు. ఫోమ్ వెనక జాయిస్టు కుళ్లినా, ఛాసీ తుప్పు పట్టినా, కళ్లకు కనబడే వీలుండదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సర్వేయరు మొదట అడిగేది కూడా ఛాసీ చూపించమనే.

కరెంటు తీగల దగ్గర రెండు జాగ్రత్తలు. ఇన్సులేషన్‌లో పూడ్చిన తీగ వేడెక్కుతుంది, కాబట్టి తీగను మెంబ్రేన్ కిందికి తెచ్చి క్లిప్పులు కొట్టాలి. ఇక థర్మోకోల్ లాంటి పాలీస్టైరిన్ పలకలు వాడితే అవి పీవీసీ తీగను తాకకూడదు: తీగ తొడుగులోని మెత్తదనాన్నిచ్చే పదార్థాన్ని పాలీస్టైరిన్ లాగేస్తుంది, తొడుగు పెళుసై పగులుతుంది. 17వ నంబరు ఇంటి కింద అలాంటి తీగ దొరికింది. వంచితే పైతొడుగు ఎండిన చింతకాయ పెంకులా పుటుక్కుమంది.

ఛాసీ తుప్పును తీగ బ్రష్షుతో గీకి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు, దానిమీద బిటుమెన్ పెయింటు రెండు పూతలు. వాతావరణం 5 డిగ్రీల కంటే తగ్గితే ఈ పూతలు సరిగా ఆరవు. అందుకే ఈ పని నవంబరుకు వాయిదా వెయ్యకూడదు.

అక్టోబరు 18. బాయిలరు కండెన్సేట్ పైపు

ఇంటిని వేడిచేసేది బాయిలరు. చలి రోజున ఇళ్లు వేడి లేకుండా మిగలడానికి ఎక్కువసార్లు కారణం దాని నుంచి బయటికి వచ్చే ఈ చిన్న ప్లాస్టిక్ పైపే. కండెన్సింగ్ బాయిలరు పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి గంటకు రెండు లీటర్ల దాకా బయటికి పంపుతుంది. ఆ నీళ్లు ధారగా పోవు, చుక్కలు చుక్కలుగా కారుతాయి. సన్నటి 21.5 మి.మీ. పైపు బయట మీటరున్నర తిరిగితే చుక్కలు అంచులకు పట్టి గడ్డకట్టి, కాసేపటికి పైపు నిండుతుంది. నీళ్లు వెనక్కి ఎక్కి బాయిలరు గుడగుడమని ఆగిపోతుంది.

ఇంటి బయట ఉన్న భాగాన్ని 32 మి.మీ.కి మార్చాం. వాలు మీటరుకు 52 మి.మీ., అంటే 3 డిగ్రీలు. మోచేతులు నాలుగు నుంచి రెండుకు తగ్గించాం, కొసను 45 డిగ్రీల్లో కోశాం, ఎండకు వానకు ఓర్చే 19 మి.మీ. తొడుగు వేశాం. ఈ నీళ్లు ఆమ్లం, కాబట్టి రాగి పైపు పనికిరాదు. కొన్ని ఇళ్లలో పైపును గచ్చు కిందికి దించి అక్కడే వదిలేశారు. దాంతో ఛాసీ కింద చలికాలమంతా ఆమ్లపు చెమ్మ. తప్పకుండా డ్రైనుకు కలపాలి.

గడ్డకడితే మరిగే నీళ్లు పోయొద్దు, ప్లాస్టిక్ చిట్లుతుంది. గోరువెచ్చని నీళ్లు పైపు వెంట పోసి, లేదా వేడినీళ్ల సంచి కట్టి, కరిగాక బాయిలరు రీసెట్ నొక్కాలి. ఆ వెచ్చని నీళ్లు మెట్ల మీద పడితే కాసేపట్లో అవే గాజుపలకలా గడ్డకడతాయి, చూసుకోండి.

అక్టోబరు 25. గ్యాసు

ఇండియాలో మన 14.2 కిలోల సిలిండరులో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిసిన గ్యాసు. మన వాతావరణానికి అది సరిపోతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. అందుకే ఇక్కడ బయట పెట్టేవి 47 కిలోల ప్రొపేన్ సిలిండర్లు, ఒక్కొక్కటి సుమారు 650 యూనిట్ల వేడి. రెండింటిని ఆటో చేంజోవర్ రెగ్యులేటరుకు కలిపితే ఒకటి అయిపోగానే రెండోది అందుకుంటుంది. చలికాలంలో ‘రిజర్వు’ గుర్తు కనబడిన రోజే కొత్తది ఆర్డరు పెట్టాలి, మంచు పడ్డాక లారీ రాదు.

రెగ్యులేటరు సిలిండరు వాల్వుకంటే ఎత్తులో ఉండాలి, గొట్టం దాని వైపు ఎక్కుతూ పోవాలి. ఈ ఇంట్లో గొట్టం కింద ఉచ్చులా వేలాడుతోంది, అందులో జిడ్డు పేరుకుంది. రెగ్యులేటరు తయారీ ఏడాది చూస్తే పదేళ్లు దాటింది, మార్పించాం. సిలిండర్లు నిటారుగా, గట్టి పలక మీద, గొలుసుతో, 2 మీటర్ల లోపు నోరు తెరిచిన డ్రైను లేకుండా ఉండాలి.

ఈ పని చేసేవాళ్ల గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాసు పనివాళ్ల అధికారిక గుర్తింపు కార్డు) వెనకవైపు తిప్పి చూడండి. ఎల్‌పీజీ, అందులోనూ రెసిడెన్షియల్ పార్క్ హోమ్ అని రాసి ఉండాలి. మామూలు ఇళ్ల గ్యాసు అర్హత ఒక్కటే చాలదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి ఇంట్లోనూ పరీక్షించాం. 22 ఇళ్లలో మూడింటికి గడువు తీరింది, మీట నొక్కితే మోగినా లోపలి సెన్సారు కాలం చెల్లినదే.

నవంబరు 8

గట్టర్లు శుభ్రం. రెండు సగాలు కలిసే కొప్పు దగ్గర సీలెంటు. బయటి కుళాయిలకు లోపలి వాల్వు మూసి, బయటిది తెరిచి వదిలెయ్యడం. దారి మలుపుల్లో రాతి ఉప్పు పెట్టెలు, ముందుజాగ్రత్తకు చదరపు మీటరుకు 10 నుంచి 20 గ్రాములు చాలు. స్కర్టుకు అడుగు దూరంలో ఆపాలి, ఉప్పునీళ్లు ఛాసీకి మంచివి కావు.

కరెంటు పోతే గ్యాసున్నా బాయిలరు వెలగదు. 2021 నవంబరులో స్టార్మ్ ఆర్వెన్ అనే తుఫాను తర్వాత ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్ని ఇళ్లకు వారం దాటినా కరెంటు రాలేదు. వయసు మళ్లినవాళ్లు ఉన్న ప్రతి ఇంటినీ ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టరులో (కరెంటు పోయినప్పుడు ముందుగా సాయం అందాల్సినవాళ్ల జాబితాలో) చేర్పించాం. కరెంటు పోతే ఫోన్ చెయ్యాల్సిన నంబరు 105 ఫ్రిజ్ మీద అంటించాం. కరెంటు బిల్లు పార్కు యజమాని ద్వారా కట్టేవాళ్లకు వార్మ్ హోమ్ డిస్కౌంట్ అనే చలికాలపు బిల్లు రాయితీ దానంతటది రాదు. పార్క్ హోమ్‌లకు విడిగా దరఖాస్తు ఉంటుంది, 150 పౌండ్లు. అది తెరిచిన వారంలోనే పెట్టాలి.

నవంబరు 19 నుంచి 22

తొలి గట్టి చలి. బయట మైనస్ 5, గచ్చు కింద 2, తొడుగు లోపల పైపు మీద 6. రెండో రాత్రి ఆర్‌సీడీ ట్రిప్ అయింది. కారణం ట్రేస్ హీటింగ్ తీగ చివరి మూత: ముందురోజు వానకు పలక మీద చేరిన నీళ్లలో అది మునిగి ఉంది. ఆరబెట్టి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే) మూత కొత్తది వేసి, కొసను పలకకు 200 మి.మీ. ఎత్తున ఛాసీకి కట్టాం. మిగతా ఇళ్లన్నిటిలో కూడా అదే ఎత్తు.

డిసెంబరు 6. సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్ల కోసం

ఆరేడు వారాలు ఇల్లు తాళం వేసి వెళ్తే రెండు దారులు. ఒకటి, కరెంటు, గ్యాసు ఉంచి థర్మోస్టాట్ 12 డిగ్రీల మీద పెట్టడం. రెండోది, నీళ్లు పూర్తిగా దించెయ్యడం: స్టాప్‌కాక్ (ఇంటికి నీళ్లొచ్చే ముఖ్య వాల్వు) మూసి, కుళాయిలన్నీ తెరిచి, ఫ్లష్ నొక్కి, అన్నిటికంటే కింద ఉన్న డ్రైన్ వాల్వు తెరవాలి. షవర్ గొట్టం కిందికి వేలాడదీయాలి, అందులో మిగిలే గుక్కెడు నీళ్లే వాల్వును పగలగొడతాయి. సింకుల కింద నీళ్లు నిలిచే వంపు గొట్టాల్లో (ట్రాపుల్లో) విషం కాని ప్రొపిలీన్ గ్లైకాల్ ఒక్కో కప్పు. కాంబీ బాయిలరు (ఇంటి వేడి, వేడినీళ్లు రెండూ ఇచ్చేది) లోపలి నీళ్లు మాత్రం సొంతంగా దించొద్దు. మెయిన్ స్విచ్ ఆపేస్తే బాయిలరుకున్న చలి రక్షణ కూడా ఆగిపోతుంది. ఖాళీ ఇంటికి బీమా పెట్టే షరతు ఏమిటో పాలసీలో చదివాకే దారి ఎంచుకోండి.

జనవరి 7

నాలుగు రాత్రులు వరసగా మైనస్ 6. 22 ఇళ్లలో ఏ పైపూ గడ్డకట్టలేదు. 14వ నంబరులో మాత్రం గచ్చు అంచుల వెంట బూజు వాసన అన్నారు. కిందికి దిగితే ఎనిమిది జాలీలకు లోపలి నుంచి పాత దుప్పట్లు కుక్కి ఉన్నాయి, ‘గాలి కొడుతోంది’ అని. జాయిస్టుల మీద నీటి బిందువులు వరసగా, తోరణం కట్టినట్టు. తేమ మీటరు 24 శాతం చూపించింది. 20 దాటితే కర్ర కుళ్లడానికి దారి పడినట్టే. దుప్పట్లు తీశాం. వాళ్లకు తగిలిన గాలి జాలీలది కాదు, స్నానాల గది డ్రైను పైపు గచ్చులో దూరేచోట ఉన్న బెత్తెడు రంధ్రానిది. దాన్ని రబ్బరు కాలరుతో మూశాం.

జనవరి 28

14వ నంబరు జాయిస్టులు 19 శాతం. ఫిబ్రవరి చివర్లో మళ్లీ కొలవాలి. 3, 11 నంబర్ల కింద పీఐఆర్ పలకలు ఇంకా వెయ్యలేదు, 28 పలకలు కావాలి, ఆర్డరు పెట్టాం.